భాగ్యం సంతకం పెట్టిన నీలం

భాగ్యానికి తెలుగు రాదు. ఈ మాట ఆమె ఎదుట అంటే మాత్రం ఊరుకునేది కాదు. తిట్లన్నీ వచ్చు, దేవుడి పటం ముందు చెప్పుకునే నాలుగు ముక్కలూ వచ్చు, వంటింట్లో ప్రతి డబ్బాలోని సరుకు పేరూ వచ్చు, ఇంతకన్నా తెలుగేముంటుందని ఆమె వాదన. కూతురు షాంటెల్‌కి ఆ మాత్రం కూడా రాదు గనక, సముద్రాల అవతల జూలూల దేశంలో, ఇసిపింగోలోని ఆ రెండు గదుల ఇంట్లో ఆవిడే పండితురాలు. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం.

నిజానికి నాలుగోది ఒకటుంది. ఆమెకి రంగులు వచ్చు.

షాకాస్‌క్రాల్ చెరుకు తోటల్లో కూలీల వరస ఇళ్ళలో పుట్టింది భాగ్యం. అమ్మా నాన్నా తెల్లారకముందే చెరుకు కొట్టడానికి పోతే అవ్వే పెంచింది. ఆ అవ్వ విశాఖపట్నం వైపు ఏదో పల్లె నుంచి తల్లి చంకలో ఓడెక్కి వచ్చిన మనిషి. గుమ్మంలో చేట పెట్టుకుని పప్పు ఏరుతూ పిల్లకి రంగులు నేర్పేది. చేటలోంచి ఒక గింజ తీసి "ఇది ఏ రంగే?" అని అడిగితే పిల్ల "ఎరుపు" అనేది. అవ్వకి ఒళ్ళు మండేది.

"ఉత్త ఎరుపేటే? ఉత్తన్నం ఎడితే తింతావా? దేనిలాగుందో సెప్పు."

అన్నం పక్కన కూర ఉన్నట్టు రంగు పక్కన ఏదో ఒకటి ఉండాలి, అదీ అవ్వ పద్ధతి. కంది గింజ ఎరుపు వేరు, ఎండు మిరపకాయ ఎరుపు వేరు, గోంగూర కాడ ఎరుపు వేరు. బెల్లంలో కొత్త బెల్లం, పాత బెల్లం. చింతపండులోనూ అంతే. వంకాయ చర్మం ఒక ఊదా, ముచ్చిక దగ్గర ఇంకో ఊదా. బడిలో ఇంగ్లీషు టీచరు ఎనిమిది రంగుల పేర్లు చెప్పి పాఠం అయిపోయిందన్న రోజున భాగ్యానికి ఆవిడ మీద జాలేసింది.

పెళ్ళయి ఇసిపింగో వచ్చాక ప్రాస్పెక్టన్‌లో ఒక అద్దకం మిల్లులో గుడ్డలు మడతపెట్టే పనికి కుదిరింది. బడి పిల్లల యూనిఫాం గుడ్డలూ కార్ఖానా పనివాళ్ళ ఓవరాల్ గుడ్డలూ అక్కడ రంగేసేవారు. ఒకరోజు గోధుమరంగు తాను మడతపెడుతూ పక్కనున్నామెతో, "మొన్నటి తాను చింతపండు, ఇది బెల్లం, రెండూ కలిపి గౌను కుడితే చెయ్యి ఒక రంగు, ఒళ్ళు ఒక రంగు" అంది. అటుగా పోతున్న ఫోర్‌మన్‌ ఆగి రెండు తానులూ వెలుతురులోకి తెప్పించి చూశాడు. ఆమె చెప్పింది నిజమే. ఆ నెలాఖరుకి భాగ్యాన్ని షేడ్ రూములో కూర్చోబెట్టారు.

షేడ్ రూము అంటే పెద్ద వైభోగమేమీ కాదు. తెల్ల సున్నం గోడలు, ఒక బల్ల, దక్షిణం వైపు ఒక కిటికీ. ఆ దేశంలో సూర్యుడు ఉత్తరం వైపుగా పోతాడు, అందుకని దక్షిణపు వెలుతురు పొద్దస్తమానం ఒకేలా ఉంటుంది, రంగు గురించి అబద్ధం చెప్పదు. అసలు నమూనా ముక్కా రంగు తొట్టిలోంచి తీసిన ముక్కా ఆ కిటికీ దగ్గర పక్కపక్కన పెట్టి చూడాలి. కలిస్తే కొత్త ముక్కని కార్డుకి కుట్టి సంతకం పెట్టాలి. కలవకపోతే ఏం కలపాలో చెప్పి వెనక్కి పంపాలి. ఆ సంతకం మీద మూడు వేల మీటర్ల గుడ్డ ఆధారపడి ఉంటుంది. మనుషుల్ని చర్మం రంగు చూసి వేరు చేసే రాజ్యం అది. ఆఫీసులో తెల్లవాళ్ళు, షేడ్ రూములో ఇండియన్ ఆడవాళ్ళు, తొట్ల దగ్గర ఆవిరిలో జూలూ మగవాళ్ళు. గీత దాటి ఎవరూ ఎక్కడికీ పోకూడదు.

తొట్టి దగ్గర పనివాడు ఎంతెత్వా. నోంగోమా వైపు కొండల్లో పశువులు కాస్తూ పెరిగిన మనిషి, భాగ్యం కన్నా నాలుగేళ్ళు చిన్న. తొట్టిలోంచి చేతిరుమాలంత ముక్క కోసి, పిండి, ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టి, షేడ్ రూము గుమ్మం దాకా తెచ్చేవాడు. గుమ్మం దాటే హక్కు లేదు గనక అక్కడే నిలబడి చెయ్యి చాపేవాడు.

మొదట్లో ఇద్దరికీ మాటలు కలవలేదు. ఆయనకి ఇంగ్లీషు తక్కువ, ఆమెకి జూలూ తక్కువ. ఒకరోజు లేత పసుపు గుడ్డ ఒకటి వచ్చింది. కార్డు మీద క్రీమ్ అని ఉంది. అది క్రీమ్ కాదని భాగ్యానికి తెలుసు, ఏమిటో ఎలా చెప్పాలో తెలీదు. చేతులతో ఆవు కొమ్ములు పెట్టి చూపించి, దూడ పుట్టిందని చూపించి, మొదటి పాలు పితికి పొయ్యి మీద పెట్టినట్టు చూపించి, "జున్ను! జున్ను!" అంది. ఎంతెత్వా కళ్ళు పెద్దవి చేసుకుని చూసి "ఉంతూబి!" అని అరిచాడు. జూలూవాళ్ళూ ఈనిన ఆవు తొలిపాలు కాచుకుని తింటారు, ఆ పసుపుకి ఆ పేరే పెట్టుకున్నారు. ఇద్దరూ గుమ్మానికి అటొకరూ ఇటొకరూ నిలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. ఆ రోజు నుంచీ వాళ్ళకి అడ్డు లేదు. సగం జూలూ, సగం ఇంగ్లీషు, మధ్యమధ్య వంటింటి తెలుగు, ఎవరికీ అర్థం కాని ఆ భాషలో ఇరవై ఏళ్ళు రంగుల గురించి మాట్లాడుకున్నారు.

జూలూలో ఆకాశానికీ గడ్డికీ ఒకటే మాట, లుహ్లాజా. అంతమాత్రాన వాళ్ళకి రెండూ ఒకేలా కనిపిస్తాయనుకుంటే మన తెలివి తెల్లారినట్టే. మనవాళ్ళు పసుపుకొమ్మునీ పచ్చగా ఉందంటారు, కరివేపాకునీ పచ్చగా ఉందంటారు, అలాగని పులుసులో ఒకదాని బదులు ఒకటి వేస్తున్నారా? ఎంతెత్వా లుహ్లాజా అన్న మాట దగ్గర ఎప్పుడూ ఆగేవాడు కాదు. గాలి ఆగాక చలికాలపు ఆకాశం లాంటిదా, వానకి ముందు కొండలాంటిదా, మొలక చెరుకు లాంటిదా, అది చెప్పేదాకా ఆయనకి మాట పూర్తయినట్టు కాదు. అవ్వ బతికుంటే ఆయన్ని చేట పక్కన పీట వేసి కూర్చోబెట్టేదని భాగ్యం అనుకునేది.

తొంభై నాలుగు ఏప్రిల్‌లో కొత్త జెండా వచ్చింది. అన్ని రంగులవాళ్ళూ తొలిసారి కలిసి ఓటేసే రోజుకి దేశమంతా జెండాలు కావాలి, వ్యవధి మూడు వారాలు. మిల్లుకి రంగుల కాగితం వచ్చింది. అందులో ఎరుపుకి పక్కన మిరపకాయ ఎరుపు అని రాసి ఉంది. భాగ్యం ఆ కాగితాన్ని మూడుసార్లు చదువుకుంది. గవర్నమెంటు వాళ్ళు ఉత్త ఎరుపు అనకుండా మిరపకాయ ఎరుపు అన్నారు, ఇంక ఈ దేశం బాగుపడుతుందని మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరికీ చెప్పింది. పాపం, నిజంగానే నమ్మింది.

ఎరుపు దాటింది, పసుపు దాటింది. నీలం దగ్గర ఎంతెత్వా ముక్క తెచ్చిచ్చాడు. భాగ్యం కిటికీ దగ్గర పెట్టి చూసి, బాగుందని కలం తీసింది.

"మా," అన్నాడు ఎంతెత్వా గుమ్మంలోంచి, అమ్మా అన్నట్టు, "నేను పొరపాటున వేరే ముక్క తెచ్చాను. ఇది ముందు తొట్టిది. ఇందులో బూడిద ఉంది, మసి పట్టిన కుండ ఉంది. నీకు కనబడలేదా?"

ఆమె మళ్ళీ చూసింది. కళ్ళు నులుముకుని చూసింది. రెండు ముక్కలూ ఒకటే. ఏడాదిగా ఇంట్లో దీపాలు మసకబారాయనుకుంటోంది, తెల్లచీర పాతబడి పసుపెక్కిందనుకుంటోంది. పాతబడింది చీర కాదు, కన్ను.

ఊరి చివర కళ్ళ డాక్టరు శుక్లాలన్నాడు. రెండు కళ్ళలోనూ పసుపు పొర పట్టింది, నీలాలు ఆ పొరలో ఇంకిపోతాయి, ఆపరేషన్ చేస్తే పోతుంది అన్నాడు. గవర్నమెంటు ఆసుపత్రి వరసలో పేరు రాయించుకుంది. ఎప్పుడు పిలుస్తారంటే రెండేళ్ళన్నారు, మూడేళ్ళన్నారు. మిల్లులో చెబితే ఆ రోజే షేడ్ రూములోంచి లేపేస్తారు. కన్ను పోయిన షేడ్ ఆంటీ ఎవరికి కావాలి? మొగుడు పోయి ఆరేళ్ళయింది. మనుషులు ఆమెకి వీధిలో నమస్కారం పెట్టేది ఆ కిటికీ వల్లే. అది లేకపోతే తను ఎవరు?

ఎంతెత్వాకి చెప్పుకుంది. ఆయన, "నువ్వు పోతే ఎవరో కొత్తామె వస్తుంది. ఆమెకి మన మాటలు రావు. నేను చూసి చెబుతాను, నువ్వు సంతకం పెట్టు" అన్నాడు.

అలా రెండేళ్ళు నడిచింది. కన్ను ఆయనది, కలం ఆమెది. ఆయన ముక్క తెచ్చి దేనిలాంటిదో చెబుతాడు. ఆమె ఆ మాటని బట్టి ఏం కలపాలో చెబుతుంది, ఎందుకంటే రంగుల పాళ్ళు ఆమెకే తెలుసు. కుదిరిన ముక్కల్లో ఒకటి తీసి సొరుగులో దాచుకుని, దాని మీద ఎంతెత్వా చెప్పిన మాట చీటీ రాసి గుచ్చుకునేది. గుడ్డి కన్నా మెల్ల మేలంటారు, వీళ్ళిద్దరూ కలిసి మెల్ల కూడా కాదు, నిండైన కన్నే. ఆ రెండేళ్ళలో ఒక్క తానూ తిరిగి రాలేదు. శుక్రవారం శుక్రవారం ఎంతెత్వాకి ఒక డబ్బాలో చింతపండు చేపల కూర తెచ్చేది, దానితో చెల్లయిపోయిందనుకునేది.

చెల్లవలేదని తొంభై ఆరు ఆగస్టులో తెలిసింది.

అప్పటికి విదేశీ గుడ్డ చవగ్గా దిగి మిల్లు ఊపిరి ఆడక కొట్టుకుంటోంది. ఖర్చు తగ్గించడానికి మేనేజరు హెరాల్డ్ రంగు కొలిచే మిషను తెప్పించాడు. దాన్ని నడపడానికి కాకినాడ నుంచి వివేక్ అనే కుర్రాడొచ్చాడు, అద్దకంలో పెద్ద చదువు చదివాడు. మిషను మూతి కింద గుడ్డ పెడితే రంగుకి బదులు అంకెలు చెబుతుంది. మిషను గదిలో సహాయకుడి ఉద్యోగం ఒకటుందని, ఎవరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చని గోడ మీద కాగితం అంటించారు. ఎవరైనా అన్న మాట ఆ గోడ మీద అంతకుముందు ఎప్పుడూ లేదు.

ఎంతెత్వా ఆ సాయంత్రం షేడ్ రూము గుమ్మం దాటి లోపలికొచ్చాడు. ఇరవై ఏళ్ళలో అదే మొదలు.

"మా, నాకొక కాగితం రాసివ్వు. రెండేళ్ళుగా షేడు చూస్తున్నది నేనేనని రాయి. నా నలభై ఎనిమిదో ఏట వచ్చింది ఈ తలుపు. మళ్ళీ రాదు."

భాగ్యం బల్ల మీది కార్డులు సర్దడం మొదలుపెట్టింది. ఆ కాగితం రాస్తే తన కన్ను సంగతి బయటపడుతుంది, రెండేళ్ళ సంతకాలన్నీ దొంగ సంతకాలవుతాయి. పింఛనుకి ఇంకా మూడేళ్ళుంది.

"దీపావళి అయ్యాక రాస్తాలే," అంది.

దీపావళికి ముందే దరఖాస్తుల గడువైపోయింది. గడువు చివరి రోజున ఆయన మళ్ళీ అడిగాడు. ఆమె ఈసారి కోపం తెచ్చుకుంది. తప్పు తన దగ్గర ఉన్నప్పుడు కోపం ఎంత త్వరగా వస్తుందో! "నీ చేత ఎవరు సెప్పించుకున్నారు? నాను అడిగినానా? కన్ను నీదైతే లెక్క నాది కాదా? పో, పోయి తొట్టి సూసుకో" అని తెలుగులోనే తిట్టింది. ఆయనకి మాటలు అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది. తల వంచుకుని వెళ్ళిపోయాడు.

పదిరోజుల తరవాత బడి యూనిఫాం నీలం వచ్చింది, మూడు వేల మీటర్లు. జనవరిలో బడులు తెరిచేసరికి గౌన్లయి దుకాణాల్లో ఉండాలి. ఎంతెత్వా ముక్క తెచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. కోపం ఉన్నా పని మీద అబద్ధం చెప్పడం ఆయనకి చేతకాదు.

"ఇది ఆకాశం కాదు మా. పశువుల్ని పురుగుమందులో ముంచే తొట్టి నీళ్ళు. అందులో పచ్చ తిరిగింది. ఇంకా సరిచెయ్యాలి."

భాగ్యం ముక్కని కిటికీ దగ్గర పెట్టింది. నమూనాకీ దానికీ తేడా లేదు. ఉండదని ఆమెకి తెలుసు, ఆ కంటికి నీలమూ పచ్చా ఒకే ముద్ద. అయినా గుమ్మంలో నిలబడ్డ ఆ మనిషి మొహం చూస్తే, ఇతను లేకపోతే నేను లేననేగా ఇతని ధైర్యం అనిపించింది. కాగితం రాయలేదని కసి తీర్చుకుంటున్నాడేమో అని కూడా అనిపించింది. మనసులో కుళ్ళుంటే ఎదుటివాడి మాటలో కనబడుతుంది మరి.

"షేడ్ రూములో ఉన్నది నువ్వా, నేనా?" అంది. కార్డు లాక్కుని సంతకం పెట్టింది.

మూడు వేల మీటర్లూ నవంబరులో తిరిగొచ్చాయి. పాత గౌను పక్కన కొత్త గుడ్డ పెడితే దారిన పోయేవాడు కూడా చెబుతాడని దుకాణంవాళ్ళు ఉత్తరం రాశారు. మర్నాడు విచారణ అని హెరాల్డ్ చెప్పాడు. కార్డులు తెమ్మన్నాడు.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక భాగ్యం షేడ్ రూములో ఒక్కతే కూర్చుంది. కార్డు మీద ఆమె సంతకం ఉంది, సంతకం పక్కన పచ్చ తిరిగిన ముక్క ఉంది. ముక్కే సాక్షి. సొరుగు లాగింది. మార్చిలో వేసిన అదే నీలం తాలూకు ముక్క ఉంది, దాని మీద చీటీ ఉంది: గాలి ఆగాక చలికాలపు ఆకాశం. అది సరైన నీలమని ఆమెకి చూస్తే తెలియలేదు. ఎంతెత్వా చెప్పాడు గనక తెలుసు. చీటీ చింపి జాకెట్టులో దోపుకుంది. కార్డు నుంచి తప్పు ముక్క కుట్లు విప్పి, మార్చి ముక్కని కుట్టింది. సూదిలోకి దారం ఎక్కడానికి చాలాసేపు పట్టింది.

మర్నాడు హెరాల్డ్ గదిలో వివేక్ ఆ ముక్కని మిషను కింద పెట్టాడు. నమూనాతో సరిగ్గా కలిసింది. తిరిగొచ్చిన గుడ్డ కలవలేదు. అంటే షేడ్ రూము సరైన ముక్కకే సంతకం పెట్టింది, ఆ తరవాత తొట్టి దగ్గర ఎవరో పాడుచేశారు. లెక్క అంత తేలిగ్గా తేలిపోయింది.

ఎంతెత్వా కార్డు తీసుకుని చూశాడు. చూడ్డానికి రెండు క్షణాలు కూడా పట్టలేదు.

"ఇది ఈ గుడ్డ ముక్క కాదు," అన్నాడు. "ఇది మార్చి నీలం."

హెరాల్డ్ నవ్వాడు. "నీలానికి నెలలు కూడా ఉంటాయా?"

ఎంతెత్వా భాగ్యం వైపు చూశాడు. ఆ గదిలో నీలానికి నెలలుంటాయని తెలిసిన రెండో మనిషి ఆమె ఒక్కతే. ఆమె గోడ మీద కాలెండరు చూస్తూ కూర్చుంది.

వివేక్ ఆమె పక్కకి వంగి నెమ్మదిగా తెలుగులో అడిగాడు. "అమ్మగారూ, ఈ ముక్క ఆ లాటుదేనా? నా మిషను రంగు కొలుస్తుందిగానీ అది ఏనాటిదో చెప్పలేదు. మీరొక్క మాట చెబితే చాలు. ఇక్కడ మన మాట ఎవరికీ అర్థం కాదు."

ఒక్క మాట. హెరాల్డ్‌కి అర్థం కాని భాషలో, పరువు పోకుండా, కొడుకులాంటి కుర్రాడి చెవిలో చెప్పే అవకాశం. దేవుడు అంతకన్నా దగ్గరికొచ్చి ఎవరినీ అడగడు.

"ఆ లాటుదే బాబూ. నా సేత్తోనే కోసినాను," అంది భాగ్యం.

అప్పటిదాకా ఆమె తెలుగులో తిట్లున్నాయి, దణ్ణాలున్నాయి, పప్పులూ పులుసులూ ఉన్నాయి. అబద్ధం లేదు. ఆ రోజుతో అదీ చేరింది.

ఎంతెత్వాని ఆ శుక్రవారమే తీసేశారు. మూడు వేల మీటర్లు పాడుచేసినవాడని కాగితం మీద రాశారు గనక ఇంకో మిల్లు గేటు దగ్గర కూడా నిలబడనివ్వరు. వెళ్ళేముందు ఆయన షేడ్ రూము వైపు రాలేదు. ఆమె తెచ్చిన చేపల కూర డబ్బా అలాగే ఇంటికి తిరిగొచ్చింది, షాంటెల్ తినేసింది.

తిరిగొచ్చిన గుడ్డని పనివాళ్ళకి తలా కాస్త పంచారు. భాగ్యం తన వాటా గుడ్డతో ముందుగదికి పరదాలు కుట్టించింది. మంచి నీలమే, దుకాణంవాళ్ళు పెంకెతనం చేశారు, ఎంతెత్వా కూడా పొరపడ్డాడు, అని తనలో తను అనుకునేది. రోజూ ఆ పరదాల కేసి చూస్తూ అనుకుంటే అది నిజమయ్యేలాగే ఉండేది. కళ్ళు ఆమెకి అంత సాయం చేశాయి.

ఆ కాగితం రాయకుండా కాపాడుకున్న కుర్చీ ఎనిమిది నెలలుంది. తొంభై ఏడు జూలైలో షేడ్ రూము మూసేసి దక్షిణపు కిటికీకి అట్టపెట్టెలు అడ్డం పేర్చారు. పింఛను నిండని వాళ్ళకి ఇచ్చేదేదో ఇచ్చి పంపారు. ఇంకో ఏడు నెలలకి మిల్లే మూతపడింది. హెరాల్డ్ దేశం వదిలి వెళ్ళాడన్నారు, వివేక్ ఇంకెక్కడో ఉద్యోగం చూసుకున్నాడు. చేసిన పాపానికి కనీసం ఫలితమైనా దక్కాలి కదా. భాగ్యానికి అదీ దక్కలేదు.

తొంభై ఎనిమిది మార్చిలో ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. నాలుగేళ్ళ కిందట రాయించుకున్న వరస అప్పటికి వచ్చింది. ముందు కుడి కన్ను చేశారు. మర్నాడు పొద్దున్న కట్టు విప్పగానే భాగ్యం నర్సు టోపీ చూసి ఏడ్చింది. తెలుపు అంత తెల్లగా ఉంటుందని మరిచిపోయింది. కిటికీలోంచి ఆకాశం చూసింది. గాలి ఆగి ఉంది. చలికాలం ఇంకా రాలేదుగానీ, ఆ నీలం ఏదో ఆమెకి వెంటనే తెలిసిపోయింది.

షాంటెల్ కారులో ఇంటికి తీసుకొచ్చింది. తలుపు తీసి లోపలికి అడుగు పెట్టిన భాగ్యం అక్కడే ఆగిపోయింది.

ముందుగదిలో రెండు పరదాలు వేలాడుతున్నాయి. చిన్నప్పుడు షాకాస్‌క్రాల్ తోటలో దొరవారి పశువుల్ని వారానికోసారి మందునీళ్ళ తొట్టిలో ముంచి తోలేవారు. పేడా మట్టీ కలిసి, పైన పచ్చగా తేలి, ముక్కు మండే ఆ నీళ్ళు. పిల్లలంతా గట్టు మీద కూర్చుని చూసేవారు. ఆ నీళ్ళే పైనుంచి కింది దాకా కిటికీకి వేలాడుతున్నాయి. ఆయన చెప్పినదానిలో ఒక్క అణువు తేడా లేదు.

"ఏమైంది మా?" అంది షాంటెల్ ఇంగ్లీషులో. "కన్ను నొప్పిగా ఉందా?"

"లేదు," అంది భాగ్యం. "బాగా కనిపిస్తోంది."

అన్నం సహించలేదు, నిద్ర పట్టలేదు. కళ్ళున్నన్నాళ్ళూ ఆ మనిషి మాట విని బతికింది, కళ్ళు పోయాక ఆయన కళ్ళతో బతికింది, ఆయన కళ్ళతోనే ఆయన్ని పొడిచింది. దీన్ని ఏ దేవుడి దగ్గర ఏ నాలుగు ముక్కల్లో చెప్పుకోవాలో అవ్వ నేర్పలేదు.

ఎంతెత్వా ఇసిపింగో టాక్సీ స్టాండు దగ్గర టమాటాలు అమ్ముతున్నాడని భాగ్యానికి ఏడాది నుంచీ తెలుసు. తెలిసే అటు పోవడం మానేసి, పైవీధి చుట్టు తిరిగి బజారుకి పోయేది. కంటికి గాలి తగలనివ్వొద్దని డాక్టరు చెప్పిన వారం గడిచాక, ఒక పరదా విప్పి మడతపెట్టి ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని బయల్దేరింది.

ఆయన ఒక పాత గొడుగు కింద కూర్చుని ఉన్నాడు. జుట్టు నెరిసింది. ముందు గోనె మీద టమాటాలు కుప్పలు కుప్పలుగా పోసి ఉన్నాయి. మిగతావాళ్ళు కలిపేసి పోస్తారు. ఆయన కుప్పల్లో ఒక కుప్పకీ పక్క కుప్పకీ వెంట్రుకవాసి తేడాతో, పచ్చి నుంచి పండు దాకా రంగులు వరసగా ఉన్నాయి.

"ఎంతెత్వా," అంది.

ఆయన తలెత్తి చూశాడు. ఆశ్చర్యపోలేదు. "మా," అన్నాడు. అంతే.

భాగ్యం దారిపొడుగునా అనుకుంటూ వచ్చిన మాటలన్నీ ఒక్కసారి కక్కేసింది. మార్చి ముక్క తనే కుట్టానంది, చీటీ చింపానంది, కాలెండరు చూస్తూ కూర్చున్నానంది. "ఎవరికి చెప్పమంటే వాళ్ళకి చెబుతాను. ఇప్పుడే రాసిస్తాను, నువ్వడిగిన కాగితం" అంది.

ఎంతెత్వా అంతా విన్నాడు. ఒక టమాటా మీద దుమ్ము తుడిచి కుప్ప మీద పెట్టాడు.

"ఎవరికిస్తాను మా ఆ కాగితం? మిల్లు లేదు. హెరాల్డ్ లేడు. టమాటాలు కాగితం అడగవు."

ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే భాగ్యం కాళ్ళు పట్టుకునేది, తిట్టించుకునేది, కాస్త తేలికపడి ఇంటికి పోయేది. సంచిలోంచి పరదా తీసి ఆయన చేతిలో పెట్టింది.

"నాకు కన్ను వచ్చింది. నువ్వు చెప్పింది నిజమే. ఇది ఏ రంగో మళ్ళీ ఒక్కసారి చెప్పు. నీ నోటితో చెప్పు."

ఆయన గుడ్డ విప్పాడు. ఎండ పడకుండా పక్కకి జరిగి, ఒళ్ళు దక్షిణం వైపు తిప్పి, ఆ వెలుతురులో పట్టుకున్నాడు. చేతులు వాటంతట అవే అటు తిరిగాయి. కళ్ళు కొద్దిగా చిట్లించాడు. భాగ్యం ఆ మొహం ఎరుగును. దేనిలాంటిదో మాట దొరికినప్పుడు ఆయనకి వచ్చే మొహం అది.

"బ్లూ," అన్నాడు.

"ఉత్త బ్లూ ఏమిటి ఎంతెత్వా? దేనిలాంటిది?"

"బ్లూ, మా. కార్డు మీద అదే రాసి ఉంది. కింద నీ సంతకం ఉంది."

పరదాని అంచులు కలిపి శుభ్రంగా మడతపెట్టి, సంచిలో పెట్టి ఆమెకి తిరిగిచ్చాడు. అంతలో టాక్సీ దిగిన ఒకామె వచ్చి టమాటాల కేసి చూసింది. ఎంతెత్వా ఆమె వైపు తిరిగి ఉత్సాహంగా చెప్పడం మొదలుపెట్టాడు. ఈ కుప్ప కోడిపుంజు జుట్టు, ఈ పూటే వండెయ్యి. ఇది తెల్లవారుజాము, రేపటికి ఉంచు. అదిగో అది తొలిపాల ఉంతూబి, ఎల్లుండి దాకా ముట్టుకోవద్దు. ఆమె నవ్వుతూ ఒంగి ఏరుకుంటోంది.

భాగ్యం సంచి పట్టుకుని కాసేపు అక్కడే నిలబడింది. తనకి ఏ కుప్ప కావాలని ఆయన అడగలేదు.